‘అవునండి’ సరే... ఎప్పుడండి?

శాసనసభలో మంత్రులు చెప్పే జవాబుల్లో తరచుగా వినిపించే మాటలు నాలుగైదే. అవునండి. లేదండి. పరిశీలనలో ఉందండి. నిధుల లభ్యతను బట్టి చేపడతామండి. ఇక చివరిది, అన్నిటికన్నా గట్టిది... ఆ ప్రశ్నే తలెత్తదండి!

పొద్దున్నే టీవీ పెడితే సభ నడుస్తూ ఉంటుంది. ఇంట్లోనేమో పిల్లల క్యారేజీలు సర్దే హడావుడి. ఎవరో సభ్యుడు లేచి తమ ఊరి రోడ్డు గురించి అడుగుతాడు. మంత్రి లేచి కాగితం చూసి చదువుతాడు. ‘రోజూ ఉండే తంతే కదా’ అని రిమోట్ నొక్కేవాళ్లే ఎక్కువ. కానీ ఆ కాగితం మీది రెండు ముక్కల్లోనే ఓ ఊరి ఆస్పత్రి ఉంటుంది, బడి ఉంటుంది, చేలోకి రావాల్సిన నీళ్లుంటాయి.

ఈ సంగతి మైలవరానికి తెలిసినంతగా తెలిసిన నియోజకవర్గాలు తక్కువ. ప్రశ్న అడిగే వైపూ, జవాబు చెప్పే వైపూ... సభలో రెండు వైపులా కూర్చున్న చరిత్ర దానిది. అయినా కొన్ని ప్రశ్నలు అక్కడ ఇంకా ప్రశ్నలుగానే ఉన్నాయి. ఎందుకని? అది తెలియాలంటే ముందు ప్రశ్న కథ తెలియాలి.

రాజావారి ప్రశ్న

పాలించేవాళ్లను ప్రశ్న అడిగే హక్కు మన దేశంలో 1892 చట్టంతో వచ్చింది. అంతకుముందు చట్టసభల్లో ఉన్న కొద్దిమంది భారతీయులకు ఆ అవకాశమే లేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో భింగా రాజావారు తొలి ప్రశ్న వేశారు. దేని గురించో తెలుసా? అధికారులు క్యాంపులకు వచ్చినప్పుడు వాళ్లకు సరుకులు సమకూర్చలేక పల్లెటూరి దుకాణదారులు పడుతున్న అవస్థల గురించి! అంటే, మొదటి ప్రశ్నే సామాన్యుడి గోడు మీద.

అయితే అప్పట్లో ఒక్కసారి అడిగి కూర్చోవాల్సిందే. జవాబు నచ్చకపోయినా మళ్లీ లేవడానికి లేదు. ప్రశ్న వేసిన సభ్యుడు దాని మీద ఇంకో ప్రశ్న వేసే వీలు 1909 చట్టంతో వచ్చింది. అదే అనుబంధ ప్రశ్న. 1919 తర్వాత ఆ వీలు మిగతా సభ్యులకూ దక్కింది.

అసలు పస ఈ అనుబంధ ప్రశ్నలోనే ఉంది. మొదటి జవాబు అధికారులు రాసిస్తారు. మంత్రి చదువుతారు. రెండోది అలా కాదు, అక్కడికక్కడే చెప్పాలి. శాఖ మీద మంత్రికి ఎంత పట్టుందో అప్పుడే తేలిపోతుంది. 1957లో ముంద్రా కంపెనీల వాటాల్లో జీవిత బీమా సంస్థ దాదాపు కోటీ పాతిక లక్షల రూపాయలు పెట్టడం మీద లోక్‌సభలో మొదలైన ప్రశ్నలు ఎంత దూరం వెళ్లాయంటే, ఫిరోజ్ గాంధీ నిలదీశారు, చాగ్లా కమిషన్ విచారించింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు.

చుక్క ఉంటే ఒకలా... లేకుంటే మరోలా

ప్రశ్నల్లో రకాలున్నాయి. నోటితో జవాబు కావాలనుకుంటే ప్రశ్నకు నక్షత్రం గుర్తు పెడతారు. దానికి మంత్రి సభలో లేచి బదులివ్వాలి, అనుబంధ ప్రశ్నలూ ఎదుర్కోవాలి. గుర్తు లేనివాటికి జవాబు కాగితం మీద వస్తుంది, అక్కడితో సరి. అత్యవసరమైనవి ఉంటే స్వల్ప వ్యవధి ప్రశ్నలు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రం ప్రశ్నలు, 230 గుర్తు లేని ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. రోజు జాబితాలో పైన ఉన్న ప్రశ్నకే వెలుగు. కింద ఉన్నదానికి గంట అయిపోయేలోపు వంతు రాకపోవచ్చు. అప్పుడు దానికీ రాతపూర్వక జవాబే దిక్కు.

ప్రశ్నకూ కొన్ని కట్టుబాట్లున్నాయి. ఒకే విషయం మీద ఉండాలి. వాదన చేయకూడదు. ఎవరి శీలం మీదా బురద చల్లకూడదు. కోర్టులో నలుగుతున్న వ్యవహారం జోలికి వెళ్లకూడదు. ముందుగా నోటీసు ఇవ్వాలి.

ఈ ముందస్తు నోటీసులోనే ఉంది కిటుకు. ఓ ఊరి కాలువ గురించి ప్రశ్న ఇచ్చారనుకోండి. అది శాసనసభ కార్యాలయం నుంచి సచివాలయంలో ఆ శాఖకు వెళ్తుంది. అక్కడి నుంచి చీఫ్ ఇంజినీరుకు, ఆయన నుంచి జిల్లాకు, చివరికి మండలంలో ఏఈ బల్ల మీదకు. ‘ఈ కాలువ సంగతేంటి?’ అని అప్పటిదాకా ఎవరూ అడగని ఆయన లష్కరును వెంటబెట్టుకుని గట్టు మీదకు వెళ్లాల్సిందే. రాసిన జవాబు మళ్లీ అదే దారిలో పైకి చేరుతుంది. సభలో రెండు నిమిషాల్లో ముగిసే ప్రశ్న వెనక ఇంత పరుగు ఉంటుంది. కొన్ని పనులు జవాబు రాకముందే, ప్రశ్న దెబ్బకే కదిలేది ఇందుకే.

తలెత్తని ప్రశ్నలు

‘ప్రశ్నే తలెత్తదు’ అన్న మాట చూడ్డానికి చిన్నదే. దాని బరువు మాత్రం చిన్నది కాదు. సాగు చట్టాల మీద ఉద్యమంలో చనిపోయిన రైతుల కుటుంబాలకు సాయం చేస్తారా అని 2021 నవంబరు 30న లోక్‌సభలో అడిగారు. ఈ విషయంలో తమ దగ్గర రికార్డు లేదని, కాబట్టి ఆ ప్రశ్న తలెత్తదని వ్యవసాయ మంత్రి నరేంద్రసింగ్ తోమర్ రాతపూర్వకంగా జవాబిచ్చారు. లెక్క రాసుకోకపోతే సమస్యే లేనట్టు!

అదే ఏడాది మరో జవాబు. ఆక్సిజన్ కొరతతో చనిపోయినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని జులై 20న రాజ్యసభకు కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. దాంతో కేంద్రం రాష్ట్రాలను మళ్లీ అడగాల్సి వచ్చింది. ఆగస్టులో వచ్చిన జవాబులో ఆంధ్రప్రదేశ్ మాట చేరింది... వెంటిలేటర్ మీద ఉన్న కొందరు రోగులు చనిపోయారని. ఆ ఏడాది మే 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గి 11 మంది చనిపోయారని అప్పట్లో అధికారులే ప్రకటించారు. మూడు వారాల్లో ‘లేదు’ కాస్తా ‘కొందరు’ అయింది. మళ్లీ అడగబట్టే కదా!

అడిగి ఊరుకుంటే మొదటి జవాబే మిగిలిపోతుంది. మళ్లీ అడిగితే రెండో జవాబు వస్తుంది. మైలవరం సంగతికి వద్దాం.

ఒకే కొండ కింద రెండు కష్టాలు

మైలవరం చుట్టూ కొండలు. అక్కడే పుట్టే వాగు బుడమేరు. కొల్లేరు దాకా వెళ్లే ఈ వాగు వరదను దారి మళ్లించి కృష్ణలో కలపడానికి జి.కొండూరు మండలం వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టారు. ఆ మండలం మైలవరం నియోజకవర్గంలోదే. 2024 ఆగస్టు చివర్లో కుంభవృష్టి కురిసింది. మళ్లింపు కాలువ కట్టకు మూడు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 తెల్లవారేసరికి విజయవాడ సింగ్‌నగర్, చుట్టుపక్కల పేటలు నీళ్లలో ఉన్నాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. కృష్ణే నిండుకుండలా ఉంటే బుడమేరు నీళ్లు అందులోకి ఎలా దిగుతాయి? జలవనరుల మంత్రి నిమ్మల రామానాయుడు గట్టు మీదే మకాం వేశారు, సైన్యం వచ్చింది. సెప్టెంబరు 7కి గానీ మూడో గండి పూడలేదు.

ఇది నీళ్లు ఎక్కువైన కష్టం. రెండోది నీళ్లు రాని కష్టం. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటుకుని ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్టలోకి వస్తుంది. తిరువూరు, నూజివీడు, మైలవరం ప్రాంతాలు దాని మూడో జోన్‌లో, అంటే చివరి భూముల్లో ఉన్నాయి. పై రైతులు తడుపుకోగా మిగిలితేనే కింది రైతుకు. 2014లో రాష్ట్రం విడిపోయాక మరో చిక్కు వచ్చి పడింది. కాలువ తలుపు తెలంగాణలో, చివరి తూము ఆంధ్రలో! వెలగపూడి సభలో మంత్రి ఎంత గట్టిగా హామీ ఇచ్చినా నీళ్లు రావాల్సింది సరిహద్దు అవతలి నుంచి.

విచిత్రం ఏమిటంటే, బెజవాడను ముంచిన ఆ వానలకే సూర్యాపేట జిల్లాలో ఈ ఎడమ కాలువకూ గండి పడింది. ఒకే వాన... ఒక చోట నీళ్లు తెచ్చి ముంచింది, ఇంకో చోట నీళ్లొచ్చే దారి తెంచింది.

అటూ ఇటూ కూర్చున్న మైలవరం

ప్రశ్న అడిగే సంప్రదాయం ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు బెజవాడ నాయకుడే. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్‌కు వెళ్లి కూరగాయలు తెచ్చుకునే వారిలో ఈ సంగతి ఎందరికి గుర్తుందో! మైలవరానికి పక్కనున్న గన్నవరం నుంచి పుచ్చలపల్లి సుందరయ్య మూడుసార్లు గెలిచారు. నీటి లెక్కలు దగ్గర పెట్టుకుని మాట్లాడే మనిషిగా ఆయనకు పేరు.

ఇక మైలవరం. 1999లో ఇక్కడ గెలిచిన వడ్డే శోభనాద్రీశ్వరరావు ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయ మంత్రిగా పనిచేశారు. దేవినేని ఉమామహేశ్వరరావు 2009లో గెలిచి ప్రతిపక్షంలో కూర్చున్నారు. 2014లో మళ్లీ గెలిచి అయిదేళ్లపాటు జలవనరుల మంత్రిగా ఉన్నారు. ఒకే మనిషి, ఒకే నియోజకవర్గం... అయిదేళ్లు అడిగే వరసలో, అయిదేళ్లు చెప్పే వరసలో. వసంత కృష్ణప్రసాద్ 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి, 2024లో తెలుగుదేశం నుంచి గెలిచారు. అంటే రెండు దఫాలూ ఆయన పాలక పక్షం వైపే.

‘మంత్రి మనవాడైతే పనులు వాటంతటవే అవుతాయి’ అని మన ఊళ్లలో ఓ నమ్మకం. కొంత నిజమే. ఉమా మంత్రిగా ఉన్నప్పుడే పట్టిసీమ వచ్చింది. 24 పంపులతో 8,500 క్యూసెక్కుల గోదావరి నీటిని ఎత్తి పోలవరం కుడి కాలువలో పోస్తే, అవి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తాయి. ఆ ఇబ్రహీంపట్నం కూడా మైలవరం నియోజకవర్గంలోదే. డెల్టా రైతుకు జూన్, జులైల్లోనే నారుమడి పోసుకునే ధీమా వచ్చింది. కానీ మెట్ట రైతు కళ్ల ముందు నుంచే ఆ నీళ్లు పల్లానికి పోతాయి. ఎగువన ఉన్న అతని చేలోకి ఎక్కవు.

ఎన్ని ‘అవునండి’లో!

మెట్టకు గోదావరి నీళ్లు ఎక్కించడానికి ఉద్దేశించిందే చింతలపూడి ఎత్తిపోతల. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వంలో 2008లో మొదలైంది. అప్పటి లక్ష్యం రెండు లక్షల ఎకరాలు, అంచనా రూ.1,701 కోట్లు. సాగర్ ఎడమ కాలువ చివరి భూములను కూడా ఆదుకోవాలని తర్వాత లక్ష్యాన్ని 4.8 లక్షల ఎకరాలకు పెంచారు. 2016లో అంచనా రూ.4,909 కోట్లు దాటింది. పరిహారం దగ్గర రైతులు అడ్డం తిరిగారు. పర్యావరణ అనుమతుల్లేవంటూ 2021 డిసెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ రూ.73 కోట్లకు పైగా పరిహారం కట్టమంది. ముఖ్యమంత్రులు మారారు, జలవనరుల మంత్రులు మారారు. పథకం మాత్రం పూర్తి కాలేదు.

చింతలపూడి మీద ‘పూర్తి చేసే ఉద్దేశం ప్రభుత్వానికి ఉందా?’ అని అడిగితే ఏ మంత్రయినా ఏం చెబుతారు? ‘అవునండి’ అనే చెబుతారు. అందులో అబద్ధం లేదు. అసలు తప్పు ప్రశ్నలోనే ఉంది. ‘ఫలానా ప్యాకేజీలో ఎంత పని మిగిలింది, ఈ ఏడాది బడ్జెట్లో ఎంత ఇచ్చారు, అందులో ఎంత ఖర్చయింది, ఏ నెలకు తొలి పంపు తిరుగుతుంది?’ అని అడిగితే అవునండి, కాదండి అనడానికి వీలుండదు. అంకె చెప్పాల్సిందే, తేదీ చెప్పాల్సిందే.

బుడమేరుదీ ఇదే కథ. 2005లోనూ విజయవాడను ఆ వాగు ముంచింది. మళ్లింపు కాలువను పెద్దది చేయాలి, ఆక్రమణలు తీసేయాలి అన్న మాటలు అప్పుడూ వినిపించాయి. 2024 తర్వాతా అవే మాటలు. మధ్యలో దాదాపు రెండు దశాబ్దాలు.

అంకె ఉంటేనే జవాబు

అంకె ఉంటే ఏమవుతుందో 2025 మామిడి సీజను చూపించింది. మైలవరం, రెడ్డిగూడెం, నూజివీడు తోటల రైతులకు నున్న మార్కెట్లో కలెక్టరు కాయ అంటే తెలియనిది కాదు. చిత్తూరు వైపు తోతాపురి అంటారు. ఆ ఏడాది దాని ధర కుప్పకూలింది. కిలోకు రూ.12 అందేలా చూస్తామని, ఫ్యాక్టరీలు 8 ఇస్తే 4 తాము కలుపుతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కేంద్రం కూడా క్వింటాలుకు రూ.1,490.73 లెక్కన 1.62 లక్షల టన్నులకు సగం భారం మోస్తానంది. ఫ్యాక్టరీలు 8 ఇవ్వడం లేదని రైతులు రోడ్డెక్కి అడగగలిగారంటే, ఆ 8 అన్న అంకె ముందే చెప్పారు కాబట్టే. ‘గిట్టుబాటు ధర కల్పిస్తాం’ అని మాత్రమే అని ఉంటే దేన్ని పట్టుకుని అడుగుతారు?

సభలో ‘పరిశీలిస్తాం’, ‘చేస్తాం’ అన్న మాటలు గాలికి పోకుండా చూడ్డానికి ఓ ఏర్పాటు ఉంది. దాని పేరు హామీల కమిటీ. లోక్‌సభలో 1953 డిసెంబరులో ఏర్పాటైంది. మంత్రి ఇచ్చిన మాటను మూడు నెలల్లో నిలబెట్టుకోవాలి, లేదంటే గడువు పెంచమని కమిటీని అడగాలి. మన శాసనసభలోనూ ఇలాంటి కమిటీ ఉంది. సభ వాయిదా పడ్డాక ఏ కెమెరా లేని గదిలో సాగే ఆ పనే జవాబుకు విలువ తెస్తుంది. దాని నివేదికల మీద పడాల్సినంత చూపు మాత్రం పడదు.

ఖాళీ కుర్చీలు

ప్రశ్నకు పదును పెట్టాల్సింది ప్రతిపక్షం. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం వరసగా మూడు శాసనసభల్లో ఆ వరస బోసిపోయింది. ఫిరాయింపులకు నిరసనగా 2017 నవంబరు నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు సభకు రాలేదు. 2021 నవంబరు 19న చంద్రబాబునాయుడు మళ్లీ ముఖ్యమంత్రిగానే అడుగుపెడతానని సభ వదిలి వెళ్లారు. 2024లో 175 స్థానాల్లో 11 గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్, ప్రతిపక్ష హోదా ఇవ్వలేదంటూ శాసనసభకు దూరం జరిగింది. మండలిలో మాత్రం ఆ పార్టీ సభ్యులు అడుగుతూ వచ్చారు. ఎవరి కారణాలు వాళ్లకున్నాయి. కొవిడ్ కారణం చెప్పి 2020 సెప్టెంబరులో పార్లమెంటే ప్రశ్నోత్తరాల గంటను పక్కన పెట్టింది.

అడిగేవాళ్లు లేని చోట పాలక పక్ష సభ్యులే తమ మంత్రుల్ని అడుగుతారు. కొందరు గట్టిగానే అడుగుతారు. కానీ సొంత మంత్రిని ఒకసారి అడగడం వేరు, జవాబు తేలేదాకా వదలకుండా అడగడం వేరు. కుర్చీ ఖాళీగా ఉంటే నష్టపోయేది పార్టీ ఒక్కటే కాదు... అనుబంధ ప్రశ్న.

ఇంటిల్లిపాదీ అడగొచ్చు

శాసనసభ్యుడికి అర్జీ ఇచ్చేటప్పుడు ‘మా రోడ్డు వేయించండి’ అని రాస్తారు అందరూ. దాంతోపాటు ఓ ప్రశ్న కూడా రాసివ్వొచ్చు. ‘ఈ పని ఎప్పుడు మంజూరైంది, ఎంత ఖర్చు చేశారు, ఎందుకు ఆగింది?’ అని. సభ్యుడికి పని తేలిక, మంత్రికి తప్పించుకోవడం కష్టం. సభలో వంతు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. అదీ ప్రశ్నోత్తరాల గంటే... కాకపోతే గంటకు బదులు 30 రోజులు గడువు, అడిగేది పౌరుడు.

జవాబు వచ్చినప్పుడు చూడాల్సినవీ కొన్నే. ఏం చేస్తారో చెప్పారా? ఎంత ఇస్తారో చెప్పారా? ఎప్పటికో చెప్పారా? ఎవరు బాధ్యులో చెప్పారా? ఈ నాలుగూ ఉంటే ఆ కాగితం ముక్క కత్తిరించి దాచుకోవాల్సిందే. చెప్పిన నెల రాగానే తీసి చూపించవచ్చు. హైస్కూలు పిల్లలున్న ఇంట్లో ఆదివారం పూట ఓ అరగంట ఈ ఆట ఆడించి చూడండి. పేపర్లో వచ్చిన మంత్రిగారి జవాబులో అంకె ఎక్కడుందో, తేదీ ఎక్కడుందో వెతకమనండి. పౌరశాస్త్రం పాఠం ఇంతకన్నా బాగా ఎక్కదు.

మైలవరం మంత్రుల్ని చూసింది, మంత్రుల్ని అడిగినవాళ్లనీ చూసింది. కొండ మీద వాన పడితే బుడమేరు గట్టు వైపు చూసే బెజవాడకైనా, వాన పడకపోతే సాగర్ కాలువ వైపు చూసే మెట్ట రైతుకైనా ఇక కావాల్సింది ‘అవునండి’ కాదు. ఆ మాట పక్కన ఓ తేదీ. ఇచ్చిన మాట నిలిచిందో లేదో సభలో కాదు, ఆ తేదీ వచ్చిన రోజున కాలువ చివరి తూము దగ్గర తేలుతుంది.